ఎడమవైపు ఆసరా

"లాగొద్దప్పా! పడిపోతా... పడిపోతా!"

అమ్మ అరుపు వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినబడి ఉంటాది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. బెంగళూరు కుందలహళ్ళిలో మా వీధిలో ఉండేదంతా సాఫ్ట్‌వేర్ పిల్లకాయలే, ఆదివారం పదకొండు దాకా లేవరు. ఆ పొద్దు మేమే అందరినీ లేపినట్టుండాము.

నాయన కుర్చీలో కూచున్న అమ్మకు కుడిపక్కన నిలబడి, ఆమె నడుము చుట్టూ చెయ్యేసి తనవైపుకు లాగుతా ఉండాడు. అమ్మ కుడిచెయ్యి నాయన రొమ్ము మీద పెట్టి తోస్తా ఉండాది. ఆ ఒక్క చేతిలో అంత బలం యాడినించి వచ్చిందో ఏమో! ముప్పై ఏండ్లు తాపీ పట్టిన మనిషి మా నాయన, ఆయనే వెనక్కి పోతాండాడు. లాగేకొద్దీ తోస్తాది, తోసేకొద్దీ ఎడమకు ఒరుగుతాది. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ ఎడమ కాలూ రెండు నెలలుగా ఆమె మాట వినడం లేదు. ఆ పలకని వైపే పడిపోతా, పలికే చేత్తో మమ్మల్ని తోసేస్తాది. చూసేవాళ్ళకు ఏమనిపిస్తుంది?

చూసేవాడు గుమ్మంలోనే నిలబడి ఉండాడు. మా ఓబులేష్ మామ, అమ్మకు తమ్ముడు. అమ్మను తీసకపోవడానికి హిందూపురం నుంచి కారేసుకుని వచ్చినాడు.

"చాలు బావా," అన్నాడు చెప్పులు కూడా విడవకుండా. "చెయ్యి తియ్యి. అక్క నిన్ను ముట్టుకోనియ్యదు. ఇంగెట్ల చెప్పల్ల నీకు?"

నాయన చెయ్యి తీసేసినాడు. అమ్మ కుర్చీకి ఎడమవైపు ఉండే ఆసరా మీద దబ్బున వాలింది. వాలినాక ఆమె మొహంలో భయం పోయింది. అది చూసి నాయన మొహం ఇంకా నల్లబడింది.

ఆ ఆసరా సంగతి చెప్పల్ల. మా నాయన కదిరప్ప మేస్త్రీ, సర్జాపుర రోడ్డులో అపార్ట్‌మెంట్ల పని. ఒరిగిన గోడ కనబడితే ఒరిగిన వైపు కర్ర ఆనించనిదే ఆయనకు అన్నం సయించదు. అమ్మ ఎడమకు ఒరుగుతాందని, ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో దినమే సైటు నుంచి స్లాబు కింద నిలబెట్టే సెంట్రింగ్ కర్రలు రెండూ ఒక పలకా తెచ్చినాడు. కుర్చీకి ఎడమపక్క బిగించి, పాత దుప్పటి చుట్టినాడు. అమ్మ దాన్ని ఆనుకుని ఇంకా ఒరిగింది. మర్నాడు సందులో ఒక చెక్క దోపి గట్టి చేసినాడు. అమ్మ ఇంకా ఒరిగింది. ఇప్పటికి ఐదు చెక్కలైనాయి. ఇద్దరిలో ఎవరూ తగ్గే రకం కాదు.

"ఓబులేసూ, కూచో ముందు," అన్నాడు నాయన. "ఈ పొద్దు ఫిజియో మేడమ్ వస్తాంది ఇంటికి. ఆయమ్మ ఏం చెప్తాదో విందాం."

"రెండు నెలలు విన్యాం కదా. ఏమొచ్చింది?"

"ఊరికి తీసకపోయి ఏం చేస్తావు?"

"మంచముండాది, మా ఇంట్లో ఆడోళ్ళుండారు. పండుకోబెట్టి కడుపు చల్లగా చూసుకుంటాం. ఇట్ల దినామూ అరిపించి చంపం."

"పండుకోబెడితే ఇంగ లేవదురా! లేపల్ల, కూచోబెట్టల్ల అని ఆసుపత్రిలో ఎన్నిసార్లు చెప్పినారు..."

"నువ్వు లేపేకి పోతే అక్క ఒప్పుకుంటాందా? నా కండ్లతో చూసినా కదా ఇప్పుడు!" మామ గొంతు పెద్దదయింది. "ఎందుకు ఒప్పుకుంటాది? ఆ దినం పొద్దున చెయ్యి తిమ్మిరి పట్టింది, తల తిరుగుతాంది, ఆసుపత్రికి పోదామంటే నువ్వేమన్నావు? ఊరికే నాటకాలు ఆడొద్దు అన్నావా లేదా?"

నాయన వంగి ఆసరాలో చెక్కను సరిచేసినాడు.

"అన్నావా లేదా బావా?"

"స్లాబు పోసే దినంరా అది. కాంక్రీటు కలిపినాక నిలిపేకి అయితాదా? ఇరవై మంది నాకోసం..."

"కాంక్రీటు నిలవదు, సరే. అక్క తలకాయలో రక్తం నిలిచిపాయ కదా!"

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. అమ్మ కుడివైపు గోడనే చూస్తా ఉండాది. దెబ్బ తగిలినప్పటి నుంచి ఆమె ఎడమవైపు చూసేదే తక్కువ. మాటలు మాత్రం బాగానే వస్తాయి. కానీ ఆ పొద్దటి సంగతి మీద మాత్రం రెండు నెలల్లో ఒక్క మాట కూడా అనలేదు. నాయనను ఆ మౌనమే తినేస్తాంది. నాకు తెలుసు.

"అది నువ్వు చెప్పేది కాదు ఓబులేసూ," అన్నాడు నాయన చివరికి. "నీ అక్క చెప్పనీ."

"చెప్పేదేముంది? చేత్తో చెప్తానే ఉండాది. నేను ఊరికే రాలేదు బావా. నీ కూతురు ఫోన్ చేస్తే వచ్చినా."

అయిపాయ.

నాయన నా వైపు తిరిగినాడు. తిట్టి ఉంటే బాగుండేది. కోపమైనా లేదు ఆ చూపులో. "నువ్వా నళినీ?" అన్నాడు, అంతే.

నేనే. బుధవారం ఆఫీసు మెట్ల మీద కూచుని ఏడ్చుకుంటా ఫోన్ చేసినాను. "మామా, అమ్మకు నాయన గిట్టడం లేదు. ముట్టుకుంటే తోసేస్తాంది. ఆయనను క్షమించలేదు. నువ్వొచ్చి తీసకపో," అన్నాను. దాచుకునేదేముంది, అమ్మ ఆయన్ను తోసినప్పుడల్లా నా కడుపులో ఒక మూల చల్లగా ఉండేది. బాగా అయింది, అనుభవించనీ అనుకున్నాను. నాటకాలు అన్న మాట నేనూ విన్నాను కదా ఆ పొద్దు. విని, నేనూ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని ఆఫీసుకు పోయినాను కదా! ఆ సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

"అమ్మ మంచికే..." అని మొదలుపెట్టి ఆగిపోయినాను.

అప్పుడే బయట స్కూటర్ ఆగింది.

హెల్మెట్ చంకలో పెట్టుకుని లోపలికి వచ్చినామె పుష్పావతి. మా ఆఫీసులో పనిచేసే జయమ్మ చెప్పి పంపిన ఫిజియోథెరపిస్టు. మా ఇంటికి రావడం అదే మొదలు, ఇంగ ప్రతి ఆదివారం వస్తానని ఒప్పుకునింది. నలభై ఏండ్లుంటాయి. పుట్టి పెరిగింది బెంగళూరే అయినా ఇంట్లో తెలుగే అంట.

"ఏమప్పా, గలాటా గేటు దాకా వినపడతాంది?" అంటానే చెప్పులు విడిచింది. మా ముగ్గురి మొహాలూ చూసి ఇంకేం అడగలేదు. నేరుగా అమ్మ దగ్గరికి పోయి, కుర్చీ చుట్టూ ఒక తిరుగు తిరిగి, ఆ కర్రల దగ్గర ఆగింది.

"ఇది ఎవరు కట్టిండేది?"

"నేనే," అన్నాడు నాయన. ఆ స్థితిలో కూడా గొంతులో కొంచెం గర్వం.

"శానా గట్టిగా కట్టినావు. తీసెయ్యి."

"తీసేస్తే పడిపోతాది మేడమ్!"

"తీద్దువులే. ముందొకటి చూపిస్తా." ఒక స్టూలు లాక్కుని అమ్మ ఎదురుగా కూచుంది. "భాగీరథమ్మా, ఇప్పుడు నువ్వు తిన్నంగా కూచున్యావా, ఒరిగి కూచున్యావా?"

అమ్మ ఆసరా మీద జానెడు ఒరిగి ఉండాది. తల భుజం మీదకు వాలిపోయి ఉండాది.

"తిన్నంగానే ఉండా," అనింది అమ్మ.

మామ ఆమె తల వైపూ ఆసరా వైపూ మార్చి మార్చి చూసినాడు.

పుష్పావతి అమ్మ వీపు వెనక చెయ్యి పెట్టి, మెల్లగా, చంటిబిడ్డను ఎత్తినట్టు నిటారుగా తెచ్చింది. తెచ్చీ తేకముందే అమ్మ కుడిచెయ్యి ఆమె భుజాన్ని తోసింది. "వద్దు, పడిపోతా!"

"ఎటు పడిపోతావు?"

"ఈ పక్కకి!" కుడివైపు తల ఆడించింది అమ్మ. "కుడిపక్కకి పడిపోతాండా, పట్టుకోండి!"

కుడిపక్క! రెండు నెలల్లో మా ఇంట్లో ఒక్కరం కూడా ఆ ఒక్క ముక్క అడగలేదు. పడిపోతా అంటే ఎడమకే అనుకున్నాం, కనబడతాంది కదా అని. ఎటు అని అడగాలని ఎవరికి తోస్తుంది?

పుష్పావతి అమ్మను మళ్ళీ ఆసరా మీదకు పోనిచ్చింది. నాయన వైపు తిరిగింది.

"చూడప్పా. మెదడు రెండు సగాలు. కుడి సగం ఎడమ చెయ్యినీ కాలినీ ఆడిస్తాది, ఎడమ సగం కుడివాటిని. మనిషి కూచోవల్లన్నా నిలబడల్లన్నా రెండూ కలిసి పని చెయ్యల్ల. అయితే ఒళ్ళు ఎటు ఒరిగింది, తిన్నం అంటే ఏది, ఈ లెక్క చూసే పనిలో కుడి సగానిదే పెద్ద పాలు. అమ్మకు దెబ్బ తగిలింది ఆ సగానికే. అందుకే మాట బాగుండాది, తిన్నం మాత్రం తప్పిపోయింది. ఇప్పుడు ఆమె ఒంటికి ఒరిగిందే తిన్నం. నువ్వు నిజంగా తిన్నంగా కూచోబెడితే, కుడికి పడిపోతాండా అని ఒళ్ళు గోల పెడతాది. పడిపోయే మనిషి ఏం చేస్తాది? చేతికి దొరికిందాన్ని తోస్తాది."

"అయితే నన్ను..." అన్నాడు నాయన.

"నిన్ను కాదప్పా. నీ చోట్లో గోడ ఉంటే గోడను తోసేది. ఇప్పుడే నన్ను తోసింది, చూడలే? నేనేం చేసినా ఆయమ్మకు?"

నాయన భుజం మీది తువ్వాలు తీసి మొహం కప్పుకున్నాడు. మా నాయన ఏడవడం నేను మొదటిసారి చూసింది ఆ పొద్దే. నాకు ఆ క్షణంలో భూమి చీలితే దూరిపోదామని ఉండింది. ఏమీ తెలీకుండా తీర్పు చెప్పి, ఫోన్ చేసి, మామను ఇంత దూరం రప్పించినాను కదా, థూ!

మామ మాత్రం అంత తొందరగా లొంగే మనిషి కాదు. "మాటలు బాగుండాయి మేడమ్. బాగయితాదా అది చెప్పు. లేదంటే నేను తీసకపోతా."

"తోసే గుణం శానామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతాది. కుడి సగానికి తగిలినోళ్ళకు కొంచెం లేటయితాది, అంతే. కానీ కూచోబెట్టల్ల, నిలబెట్టల్ల. పండుకోబెడితే ఇంగ ఒళ్ళు మళ్ళీ నేర్చుకునేది ఏముంటాది? చెయ్యీ కాలూ ఎంత వస్తాయో నేను ఇప్పుడే చెప్పలేను. అబద్ధం చెప్పను."

"మరి ఈ ఆసరా?" తువ్వాలు చాటునుంచే అడిగినాడు నాయన.

"ఎడమపక్క ఆనుకునేకి ఉన్నంతవరకు ఆమె దాని మీదకే పోతాది. తోసుకునేకి చోటు ఇచ్చినట్టు. మీ గోడలకు బాగుంటాది మేస్త్రీ, మనిషికి కాదు. ఒరగని వైపు ఏమన్నా ఉండల్ల. ఆమె తనంతట తానే అటు రావల్ల." చుట్టూ చూసింది. "ఇంట్లో తిన్నంగా నిలబడిండేది ఏముంది? కంటికి ఎదురుగా కావల్ల. కండ్లు ఇంకా నిజమే చెప్తాయి ఈమెకు, ఒళ్ళే అబద్ధం చెప్తాంది. తలుపు చట్రమైనా సరే."

"ఈ అద్దె ఇంటి తలుపు చట్రం తిన్నంగా ఉందని ఎవరు చెప్పినారు నీకు?" అన్నాడు నాయన తువ్వాలు తీసి. లేచి పోయి, పని సంచిలోంచి దారమూ ఇనుప గుండూ తెచ్చినాడు. గోడ కట్టేటప్పుడు పైనుంచి వేలాడదీసి చూస్తారే, అది. అమ్మకు ఎదురుగా కిటికీ పైన మేకుకు దారం కట్టి గుండు వదిలినాడు. గుండు అటూ ఇటూ ఊగింది.

ఎవరూ చెప్పకుండానే అందరం నోరు మూసుకున్నాం. గుండు నిలిచేదాకా మాట్లాడకూడదని మా ఇంట్లో నియమం. పెండ్లయిన కొత్తలో అమ్మ కూడా ఆయనతో పాటు ఇటుకలు మోసింది, ఈ దారం పైకొస ఆమే పట్టుకునేదంట. గుండు ఊగి ఊగి నిలిచింది.

"ఎట్లుండాది దారం?" అడిగింది పుష్పావతి.

"తిన్నంగా ఉండాది," అనింది అమ్మ. తరువాత చానాసేపు దాన్నే చూసింది. కనుబొమలు ముడిచింది. "నేనే... నేనే ఒరిగినట్టుండా కదా?"

పుష్పావతి కండ్లు మెరిసినాయి. "మేస్త్రీ, చెక్కలు తియ్యి. నువ్వు రామ్మా నళినీ, అమ్మ వెనక నిలబడు. నేను ఎడమపక్క ఉంటా, పడనియ్యను."

నాయన ఒక్కో చెక్కా లాగినాడు. ఐదో చెక్క బిగుసుకుపోయి ఉంటే మామ వంగి ఆ కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కర్రలు పక్కకు పెట్టినారు. అమ్మ పిడికిలి బిగించి కూచుంది. మొహమంతా చెమట.

"మేస్త్రీ, ఇప్పుడు నువ్వు పోయి ఆమెకు కుడిపక్క కూచో. భుజం ఆమె భుజానికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టు. లాగొద్దు, పట్టుకోవద్దు, కూతలొద్దు. గోడ మాదిరి ఉండు. భాగీరథమ్మా, చెయ్యి ఒళ్ళో పెట్టుకో. దారాన్ని చూసుకుంటా మెల్లగా వచ్చి మీ ఆయన భుజాన్ని తాకల్ల. అంతే పని."

"పడిపోతాను."

"పడిపోతావని ఒళ్ళు చెప్తాది. దారం ఏం చెప్తాందో చూడు."

అమ్మ దారాన్ని చూసింది. వేలెడు కదిలింది. "అమ్మో!" అని వెనక్కి పోయింది. మళ్ళీ కదిలింది. మళ్ళీ పోయింది. ఆమె చెయ్యి ఒళ్ళోంచి లేచి నాయన వైపు పోబోయి, గాలిలో ఆగి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది. నాయన ఊపిరి కూడా పీల్చుకోలేదు. ముప్పై ఏండ్లుగా ఆమెను తొందర పెట్టడం, రెక్క పట్టి లాక్కుపోవడం తప్ప ఎరగని మనిషి, కాళ్ళ మీద చేతులు పెట్టుకుని బడిపిల్లోడి మాదిరి కూచుని ఉండాడు.

మూడోసారో నాలుగోసారో, అమ్మ భుజం వచ్చి నాయన భుజాన్ని తాకింది.

"ఒకటి," అనింది పుష్పావతి. "రెండు... మూడు..."

తొమ్మిది దగ్గర అమ్మ ఊగింది. మామ చేతులు చాపుకుని ముందుకు ఉరికినాడు. "ముట్టుకోవద్దు!" అని పుష్పావతి గదిమింది. అమ్మ దారం చూసింది, తనంతట తానే సర్దుకుంది. పది. పదకొండు. పద్నాలుగు దాకా వచ్చింది లెక్క. నేను వెనకనుంచి అమ్మ తల నడినెత్తి పాపిట చూస్తా ఏడుస్తాండాను. పద్నాలుగు అంకెలు, నమ్ముతారా, మా అమ్మ ఎవరి చెయ్యీ లేకుండా కూచుంది!

"సాకు, ఈ పొద్దుకు చాలు," అని పుష్పావతి ఆమెను వీపుకు దిండు పెట్టి ఆనించింది. అమ్మ అలిసిపోయి కండ్లు మూసుకుంది. నాయన పక్కనుంచి లేవలేదు.

"అక్కా," అన్నాడు మామ గొంతు తగ్గించి. "నీ ఇష్టం చెప్పు. కారు బయట ఉండాది. వస్తావంటే..."

"ఆగు మామా," అన్నాను నేను. చెప్పకుంటే ఆ పూట నాకు అన్నం దిగేది కాదు. "అమ్మా, మామను పిలిచింది నేనే. నాయన మీద కోపంతో నువ్వు తోస్తాండావని అనుకున్నా. తప్పయిపోయింది. నాయనా, నీకు కూడా చెప్తాండా, తప్పయిపోయింది."

నాయన నా మాట విన్నట్టే లేడు. అమ్మనే చూస్తాండాడు. ఆయన మొహంలో కొత్తగా ఒక ఆశ పుట్టింది, చూస్తానే తెలిసిపోయింది నాకు. రెండు నెలల నుంచి మోస్తాండే బండ దిగిపోతాదేమో అనే ఆశ.

"భాగీ," అన్నాడు. "అయితే... నా మీద కోపం లేదా?"

అమ్మ కండ్లు తెరిచింది. తల తిప్పి ఆయన మొహంలోకి చూసింది.

"తోసింది కోపంతో కాదు. తోస్తాండానని నాకే తెలీదు."

నాయన తల ఊపినాడు. నవ్వు రాబోయింది ఆయనకు.

"కోపం ఉండాది," అనింది అమ్మ. "అది వేరే. శానా ఉండాది."

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నాటకాలు అన్యావు నన్ను. దాని జవాబు నా నోట్లోనే ఉండాది రెండు నెలలుగా. ఇట్ల కుర్చీలో ఒరిగి కూచోని చెప్తే, రోగిష్టిది, ఏదో కూస్తాంది అనుకుంటారు. అందుకే చెప్పలే. నిలబడి చెప్తా. నా రెండు కాళ్ళ మీద, నీ ఎదురుగా నిలబడి చెప్తా. నువ్వు నిలబడి వినల్ల." ఊపిరి తీసుకుంది. "నళినీ, నీకూ ఒక జవాబు ఉండాది. డబ్బా తీసుకుని పోయినావు కదా ఆ పొద్దు. ఒరే ఓబులేసూ, అంతవరకు నేను యాడికీ వచ్చేది లేదు. కారు తిప్పుకో."

పుష్పావతి హెల్మెట్ చేతికి తీసుకుని, ఇది తన పని కాదన్నట్టు గుమ్మం వైపు నడిచింది.

నాయన గబుక్కున లేచి ఆమె వెనకే పోయినాడు. గేటు దగ్గర ఆపినాడు.

"మేడమ్, ఆదివారం ఆదివారం వస్తే యాడ చాలుతాది?" అన్నాడు. "రేపు ఎన్ని గంటలకు వస్తావో చెప్పమ్మా. తొందరగా నిలబెట్టల్ల ఆమెను."